ముసాఫిర్ తలమీది గుడ్డ: చీరాల తేలియా రుమాల్

రుమాల్ అన్నది ఫార్సీ మాట. ‘రూ’ అంటే ముఖం, ‘మాలీదన్’ అంటే రుద్దడం. ముఖం తుడుచుకునే గుడ్డ అని అసలు అర్థం. కానీ మన దాదాలు, నానాలు దాన్ని ఆ ఒక్క పనికే వాడారా? సంతకు నడిచి వెళ్లేటప్పుడు తలకు చుట్టారు. వచ్చేటప్పుడు అందులోనే సౌదా మూటకట్టారు. దారిలో నమాజ్ వేళైతే అదే జానమాజ్, ఆకలేస్తే అదే దస్తర్‌ఖాన్.

ఈ రోజుల్లో దూరం నడిచేవాళ్ల కోసం బజార్‌లో బోలెడు సామాను దొరుకుతోంది. రెయిన్ జాకెట్లు, ఎండ టోపీలు, త్వరగా ఆరే టీషర్టులు. ధరల చీటీ చూస్తే దిల్ బేజారవుతుంది. సస్తాగా ఉండాలి, మౌసమ్‌ను తట్టుకోవాలి, ఏళ్ల తరబడి మన్నాలి అన్న సవాల్ మాత్రం కొత్తది కాదు. ఆ సవాల్‌కు మన తీరం ఇచ్చిన జవాబు ఒకటి చీరాలలో తయారైంది. అదే తేలియా రుమాల్. తేల్ అంటే నూనె. నూనె పట్టించిన నూలుతో నేసిన గుడ్డ కాబట్టి ఆ పేరు. ఏషియా రుమాల్ అని కూడా అన్నారు.

ఇది చదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. కట్టినవాళ్లు నవాబులు కారు. సముద్రం మీద వేటకు వెళ్లే జాలర్లు, పశువులు కాసేవాళ్లు, పొలం పనివాళ్లు. తలకు చుడితే పాగా, భుజాన వేస్తే కండువా, రెండు కలిస్తే లుంగీ. రోజంతా ఆరుబయట తిరిగే గరీబుకు ఇదే పూర్తి లిబాస్.

చీరాల మౌసమ్ ఎలాంటిదో ఆ దారిలో నడిచినవాళ్లకు తెలుసు. మే నెల ఎండ మాడు పగలగొడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఇసుక రేగుతుంది. చెమట ఆరదు. ఇలాంటి చోట మామూలు అద్దకం గుడ్డ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఎండకు వెలుస్తుంది, ఉప్పు చెమటకు రంగు దిగుతుంది. తేలియా రుమాల్ ఎరుపు దిగేది కాదు. ఉతికేకొద్దీ మెరుగు తేలేది. గుడ్డ మెత్తగా ఉండి తలకు చలవ చేస్తుందని, దుమ్మును ఆపుతుందని వాడినవాళ్లు చెప్పేవారు.

దాని వెనకున్న హునర్ చూడండి. మిల్లు నూలు రాకముందు పత్తి మొదట దూదేకుల, నూర్‌బాషా సోదరుల విల్లు కిందికి వచ్చేది. వాళ్లు ఏకి ఇచ్చిన దూదిని రాట్నం మీద వడికేవారు. ఆ నూలు సాలెల ఇళ్లకు చేరేది. అక్కడ అసలు మెహనత్ మొదలయ్యేది. ఆముదం కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి, తేటను తీసేవారు. అందులో నూనె, గొర్రెల పేడ కలిపి నూలును నానబెట్టేవారు. పిసకడం, పిండడం, ఎండలో ఆరేయడం. మర్నాడు మళ్లీ అదే. రెండు వారాలకు పైగా ఇలా సాగాక నూలుకు నూనె పూర్తిగా పట్టేది. అప్పుడు నమూనా ప్రకారం నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేవారు. ముడి కింద తెలుపు మిగిలేది. పటిక పట్టించిన చోట ఎరుపు వచ్చేది, ఇనుము పట్టించిన చోట అదే రంగు నలుపుగా మారేది. నూలు మగ్గం ఎక్కేలోపే నమూనా అంతా అందులో సిద్ధంగా ఉండేది.

ఆ ఎరుపు మొదట్లో ఒక వేరు నుంచి వచ్చింది. తీరం ఇసుకలో పెరిగే చిరివేరు. చీరాలకు తూర్పున, ఇప్పుడు అదే బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నం ఒకప్పుడు పెటపోలి పేరుతో ఈ వేరుకు మషూర్. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగడానికి కారణాల్లో ఈ తీరపు రంగు బట్టల తిజారత్ ముఖ్యమైనది.

నూనె, బూడిద తేట, పేడ, పటిక, ఎర్ర వేరు. ఇదే వరసలో నూలుకు ఎరుపు ఎక్కించే హునర్ ఉస్మానీ సల్తనత్‌లోని ఎదిర్నెలో కూడా ఉండేది. అక్కడ మంజిష్ఠ జాతి వేరు వాడేవారు. ఈ విద్య హిందుస్తాన్ నుంచే పడమరకు వెళ్లిందని చరిత్రకారుల్లో చాలామంది రాశారు. యూరప్ దాన్ని టర్కీ ఎరుపు అని పిలిచింది. అక్కడి రంగరేజులకు ఆ రాజ్ చాలాకాలం అంతుపట్టలేదు. 1740లలో ఫ్రాన్స్‌కు, 1785లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు చేరింది. గ్లాస్గోలో ఫ్రెంచి రంగరేజు పాపియోన్‌ను పిలిపించి ఆ కార్ఖానా పెట్టినవాడు జార్జ్ మాకింటోష్.

ఆ ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుంది కదా? ఆయన కొడుకు చార్లెస్ మాకింటోష్. తారు నుంచి తీసిన నాఫ్తాలో రబ్బరు కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి, నీరు దూరని బట్ట తయారుచేసి 1823లో పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటి రెయిన్‌కోటుకు పూర్వీకుడు ఆ కోటే. తండ్రి నూనె ఎరుపు కార్ఖానా నడిపాడు, కొడుకు వాన కోటు కనిపెట్టాడు. మౌసమ్‌ను ఎదుర్కొనే గుడ్డకు రెండు దారులు ఒకే ఇంట్లో కనిపిస్తాయి. ఒక దారిలో నూనె నూలుపోగులోకి ఇంకుతుంది, గుడ్డ గాలి పీలుస్తూనే ఉంటుంది. రెండో దారిలో నీటిని పూర్తిగా ఆపుతారు, దాంతో లోపలి చెమట కూడా ఆగిపోతుంది. మొదటి మాకింటోష్ కోట్లు వేడికి జిగురెక్కేవి, చలికి బిరుసెక్కేవి. రబ్బరుకు గంధకం పట్టించడం తెలిశాకే ఆ బాధ తగ్గింది. లోపలి ఉక్క మాత్రం ఇప్పటి ప్లాస్టిక్ కోట్లలోనూ పోలేదు.

వాన మాటేమిటి అని అడుగుతారు. రుమాల్ వానను ఆపేది కాదు, ఆ పని దానికి ఎవరూ అప్పగించలేదు కూడా. వానకు తాటాకు గిడుగు ఉండేది. దక్కన్ కాపరులకు గొంగడి ఉండేది. నల్ల గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి మీద జల్లు పడితే జారిపోతుంది, గట్టిగా తడిసినా వెచ్చదనం పోదు. ఎండకు ఒకటి, వానకు ఒకటి. దేని ఖూబీ దానిది.

చీరాల రుమాల్ మన ఊళ్లలోనే ఉండిపోలేదు. సౌదాగర్ల చేతుల మీదుగా అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు వెళ్లింది. ఎడారి ఎండకు తల కాపాడుకునేవాళ్లకు దాని విలువ వేరే చెప్పాలా? ఆ బజార్ల కోసం నేసినవాటిలో ప్రాణుల బొమ్మలు వేసేవారు కాదు. గళ్లు, చుక్కలు, ముక్కోణాలతోనే నమూనా నిండేది. తర్వాతి కాలపు రుమాళ్ల మీద గడియారాలు, విమానాలు కూడా కనిపిస్తాయి. హైదరాబాద్ నిజాం దర్బారు బేగమ్‌లు కూడా ఈ నేతను దుపట్టాగా వేసుకున్నారని చెబుతారు. జాలరి తలపాగా, బేగమ్ దుపట్టా ఒకే మగ్గం బిడ్డలన్నమాట.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపు అసలు పదార్థమైన అలిజరిన్‌ను తారు నుంచి తయారుచేశారు. చిరివేరు సాగు అక్కడితో దెబ్బతింది. చీరాల కారీగర్లు కొత్త రంగుకు తలుపు మూయలేదు. వేరు బదులు అలిజరిన్ వాడారు, నూనె పట్టించే మెహనత్ మాత్రం వదల్లేదు. పక్కా రంగుకు అసలు మూలం అదేనని వాళ్లకు తెలుసు. దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. చూడ్డానికి ఇలాగే ఉండే మిల్లు అచ్చు రుమాళ్లు సగం ధరకే బజార్ ఎక్కాయి. గరీబు ముసాఫిర్ జేబు చూసుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. వారాల తరబడి నూనెలో పిసికిన నూలుకు, గంటల్లో అచ్చయ్యే గుడ్డకు ధరలో పోటీ ఎక్కడ? విదేశీ బజార్లు కూడా జారిపోయాక చీరాలలో ఈ నేత దాదాపు ఆగిపోయింది.

హునర్ మాత్రం వలస వెళ్లి బతికింది. 20వ శతాబ్దం మొదట్లో అది నల్లగొండ వైపు చేరింది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక దానికి ఇల్లు. ఆ ఊరి నేతకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. ముబారక్ చెప్పాల్సిన సంగతే. కానీ ఒక మాట. ఇప్పుడా నేత చీరలై, దుపట్టాలై ఖరీదైన దుకాణాల్లో, మ్యూజియం అద్దాల వెనక కనిపిస్తోంది. జాలరి దాన్ని కొనలేడు. నేసేవాడి ఇజ్జత్ నిలవాలంటే ఆ ధర ఉండాల్సిందే. పోయింది మరొకటి: గరీబు కోసం ఇంత శ్రద్ధగా గుడ్డ తయారుచేసే రివాజ్.

ఆ శ్రద్ధ కొనేవాళ్లలోనైనా మిగలాలి. పిల్లలకు, మనకు నడక సామాను కొనేటప్పుడు ముందు ఏ మౌసమ్‌కు అని అడగండి. మన తీరంలో ఎండ రోజులే ఎక్కువ. వదులుగా ఉండే పలుచని నూలు, తలను, మెడను కప్పే పెద్ద రుమాల్ చాలావరకు సరిపోతాయి. జీన్స్ తడిస్తే బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు. రంగు పక్కాదో కాదో చూడాలంటే ఒక మూల తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దండి. రెయిన్‌కోటు కొంటే వదులుగా, చంకల దగ్గర గాలి ఆడేలా ఉన్నది చూడండి. గాలి లేని వానకు గొడుగే సుఖం. ఒక వస్తువు మూడు పనులకు వస్తుందంటే ధర కాస్త ఎక్కువైనా అదే సస్తా.

పుట్టపాకలో ఇవాళ నూలుకు ముడులు కట్టడానికి పాత సైకిల్ ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలు వాడుతున్నారు. రంగు నీళ్లు లోపలికి దూరకుండా ఆపడానికి. నీటిని ఆపే పనికి రబ్బరు, నడిచే మనిషికి నూలు. ఏది ఎక్కడ వాడాలో ఆ కారీగర్లకు బాగా తెలుసు.