తెర మీద గ్రంథపాతం

తాళపత్ర ప్రతుల నుంచి పరిష్కరించి అచ్చువేసిన పాత కావ్యాలు చదివినవారికి 'గ్రంథపాతం' అన్న మాట పరిచితమే. పురుగు తినో, ఆకు విరిగో పద్యంలో రెండు పాదాలు లోపిస్తే, పరిష్కర్త అక్కడ చుక్కలు పెట్టి ఆ మాట వ్రాసి ఊరుకొనేవాడు. లేనిదాన్ని కల్పించి పూరించడం దోషమని మా గురువులు చెప్పేవారు. ఉన్నదాన్ని కావాలని తీసివేసి గ్రంథపాతమని ప్రకటించే కర్త కూడా ఉంటాడని మాత్రం వారు ఊహించి ఉండరు. సినిమాలో ఆ పనీ జరిగింది.

2007 ఏప్రిల్‌లో అమెరికాలో 'గ్రైండ్‌హౌస్' అన్న పేరుతో రెండు చిత్రాలను ఒకే టికెట్టుపై విడుదల చేశారు. మొదటిది రాబర్ట్ రోడ్రిగెజ్ తీసిన 'ప్లానెట్ టెర్రర్', రెండవది క్వెంటిన్ టరాంటినో తీసిన 'డెత్ ప్రూఫ్'. నడుమ, అప్పటికి ఎవరూ తీయని చిత్రాలకు ట్రైలర్లు. అంతా కలిపి 3 గంటల పైమాటే. తెర మీద గీతలు, మచ్చలు, అతుకుల దగ్గర గెంతులు, వెలిసిన రంగులు. చిత్రమేమిటంటే, రోడ్రిగెజ్ తన చిత్రాన్ని ఫిల్ము మీద తీయనే లేదు. డిజిటల్ కెమెరాతో శుభ్రంగా తీసి, ఆ గీతలను తరువాత కంప్యూటరులో చేర్పించాడు.

అందులో నాయికానాయకుల శృంగార ఘట్టం ముదిరేసరికి ఫిల్ము కాలిపోయినట్లు కనబడి, ఒక రీలు లోపించిందనీ, అసౌకర్యానికి మన్నించమనీ థియేటరువారి ప్రకటన వస్తుంది. మళ్ళీ బొమ్మ మొదలయ్యేసరికి వారున్న హోటలు తగలబడుతూ ఉంటుంది. అంతవరకు నాయకుణ్ణి అనుమానించిన పోలీసు అధికారి ఇప్పుడు మర్యాదగా మాట్లాడుతుంటాడు. నాయకుడి రహస్యమేదో ఆ రీలులో బయటపడిందన్నమాట. మనకు మాత్రం తెలియదు. కథకుడు చెప్పలేని వివరణను గ్రంథపాతం నెపంతో ఎగవేశాడు. నేను నవ్వాననే ఒప్పుకొంటాను. 'డెత్ ప్రూఫ్' మొదట్లో వేరొక పేరు క్షణకాలం మెరిసి, దాని స్థానంలో నిరాడంబరమైన అక్షరాలతో అసలు పేరు అతికించినట్లు వస్తుంది. పాత సరుకును కొత్త పేరుతో మళ్ళీ ఊరూరా త్రిప్పిన పంపిణీదారుల మీద అదొక ఛలోక్తి.

ఈ గీతలకు మాతృక న్యూయార్క్ 42వ వీధి. 1960లు, 70లలో ఆ వీధిలో 7, 8 ఎవెన్యూల నడుమ వరుసగా ఉన్న హాళ్ళలో చౌక చిత్రాలు విరామం లేకుండా ఆడేవి. ఆ నిర్మాతలకు ప్రింటు వేయించడమే పెద్ద ఖర్చు. అందుచేత కొద్దిపాటి ప్రింట్లే ఒక ఊరి నుంచి మరొక ఊరికి, ఒక హాలు నుంచి మరొక హాలుకు తిరిగేవి. ప్రొజెక్టరులో ఫిల్ము జారే దారిలో దుమ్ము చేరితే నిలువు గీత పడుతుంది. అంచున ఉన్న రంధ్రాలు చిరిగితే బొమ్మ వణుకుతుంది. తెగినచోట కత్తిరించి అతికిస్తే కొన్ని బొమ్మలు పోతాయి. క్షణానికి 24 బొమ్మలు కనుక, 12 పోతే అర క్షణం కథ పోయినట్లే. ఎక్కువగా చేయి పడేది రీలు మొదళ్ళ మీద, చివళ్ళ మీద. దెబ్బలూ అక్కడే ఎక్కువ. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్ రంగు ఫిల్ములో నీలిఛాయ అద్దకం త్వరగా వెలిసేది. అందుకే పాత ప్రింట్లలో ఆకాశం, చెట్టు, మనిషి అంతా ఎర్రబారిపోతారు.

అంటే ప్రతి గీతకూ ఒక కారణం, ఒక స్థానం ఉన్నాయి. అనుకరణలో గీతలు కథావేగాన్ని అనుసరించి పడతాయి, ఫిల్ము కాలడం శృంగారం కోసం జరుగుతుంది. కారణం లేకుండానే కార్యం పుట్టడాన్ని మన ఆలంకారికులు విభావన అన్నారు. ఇది విభావనే. అలంకారంగా బాగుంది, సాక్ష్యంగా చెల్లదు. క్రొత్త ప్రింటు పెద్ద హాళ్ళవారికి, గీతలు పడినది చివర చూసేవారికి అన్నది అక్కడా ఇక్కడా ఒకటే లెక్క. గీత వెనుక ఉన్నది ఆ వరుసలో మన స్థానం. అది కంప్యూటరులో పడదు.

'గ్రైండ్‌హౌస్' వసూళ్ళలో దెబ్బతిన్నా ఈ వేషానికి మాత్రం గిరాకీ పెరిగింది. ఆ ఉత్తుత్తి ట్రైలర్లలో ఒకటి 2010లో 'మచెటె' చిత్రమైంది, మరొకటి 2023లో 'థాంక్స్‌గివింగ్'. ఇంతలో అసలు ప్రింటే మాయమైంది. హాళ్ళన్నీ దాదాపు డిజిటల్ అయ్యాయి. 42వ వీధిలోని న్యూ ఆంస్టర్‌డాం థియేటరును 1997లోనే డిస్నీవారు బాగుచేయించి, తమ నాటకాలకు తెరిచారు. ఇప్పటి పిల్లలకు గీత అంటే సెల్‌ఫోనులో వీడియోకు తగిలించుకొనే నగ.

మరొక ప్రక్క, పాత చిత్రాలను కాపాడేవారు అదే కంప్యూటరు ముందు కూర్చొని గీతలను ఒక్కొక్కటే తుడుస్తున్నారు. మన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుణెలో ఏర్పడేనాటికే మూకీల కాలపు సంపద చాలావరకు నశించింది. తెలుగువారి తొలి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' మనకు దక్కలేదు. ఎంత చిరిగినదైనా సరే, దానిది ఒక్క రీలు దొరికితే కళ్ళకద్దుకొనేవాళ్ళం. అక్కడ మొత్తం గ్రంథమే పాతమైపోయింది.

మా ఊరి టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టరు ఒక్కటే. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. బొమ్మలో వాన కురుస్తూనే ఉండేది. ఫిల్ము తెగితే నేల టికెట్టువాళ్ళం ఈలలు వేసేవాళ్ళం. ఆపరేటరు అతికించగా మిగిలిన ముక్కలను మరునాడు ఏరుకొని, అద్దంతో ఎండను మళ్ళించి, భూతద్దం పెట్టి గోడ మీద బొమ్మలు వేసుకొనేవాళ్ళం. తరువాతి ఊళ్ళో ఆ పెట్టెలు తెరిచి ఆట వేసినప్పుడు, అక్కడివారికి కథ గెంతిన చోట లోపించినవి మా జేబుల్లో ఉన్నాయన్నమాట. అప్పట్లో ఆ ఆలోచన రాలేదు.

వాటిలో నాలుగు ముక్కలు నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. మొన్న వెలుతురుకు ఎత్తి చూశాను. ఎవరో ఒక నటి తల తిప్పుతున్నది. ఎరుపు తప్ప మరేమీ మిగలలేదు. ఏ చిత్రమో పోల్చుకోలేకపోయాను.