ముద్దుపళని గ్రంథమును పట్టించినదెవరు?

నెల్లూరు మండలమున కావలికి దాపున, సముద్రపుటొడ్డున జువ్వలదిన్నె యను పల్లెకారుల గ్రామము కలదు. ఆ తీరము పొడవున సాగు బకింగుహాము కాలువలో తెరచాప పడవలు నడచిన దినములలో చెన్నపురి సరకు ఆ నీటిదారిని ఉత్తరమునకు వచ్చెడిది. 1899 నాటికి చెన్నపురినుండి బెజవాడకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట బిట్రగుంట, కావలి స్టేషనులు ఆ పల్లెలకు వాకిళ్లయ్యెను. ఆనాటి తెలుగు పుస్తకములలో పెక్కింటికి పుట్టినిల్లు చెన్నపురి. కావున అచ్చటి పోలీసు కమిషనరు ముద్రణాలయమున పట్టుకొనిన పుస్తకము, ఈ తీరమునందలి యింట దీపముకడ కూర్చుండి చదువనేర్చిన ఇల్లాలికిని అందక పోయెడిది. అట్లు నలువది సంవత్సరములకు దగ్గరగా మన యిండ్లకు రాకుండ నిలిచిపోయిన గ్రంథమొకటి కలదు. దాని పేరు రాధికాసాంత్వనము.

గ్రంథనిషేధ మనగానే మనకు పరప్రభుత్వమే జ్ఞప్తికి వచ్చును. అది సహజమే. 1908 లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసమునకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై చెరసాల పాలైరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని మదరాసు ప్రభుత్వము 1923 లో నిషేధించెను. 1937 లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదపగాని అది పూర్తిగా విడుదల కాలేదు. ఈ రెండింటను ఎవరు పీడకులో, ఎవరు పీడితులో తేటతెల్లము. వీనిని తలచుకొన్నప్పుడు మన ఛాతీ పొంగును. రాధికాసాంత్వనము కథ అట్టిది కాదు. అందు పోలీసులు వచ్చుటకు ముందే తీర్పు చెప్పినవారు మనవారు, అందును సంస్కర్తలు.

ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమునందలి విదుషి. దేవదాసీ కులమున జనించినది. నాలుగు ఆశ్వాసములలో 584 పద్యములు గల ఈ శృంగారకావ్యమున కథ స్వల్పము. రాధ తాను పెంచిన ఇళాదేవిని శ్రీకృష్ణునకు ఇచ్చి పెండ్లి చేయును. చేసిన పిమ్మట ఆ ఎడబాటు నోర్వలేక అలుగును. కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపరచును. ప్రబంధములలో స్త్రీ సామాన్యముగా వర్ణింపబడునదియే కాని వలపును తన నోట నిస్సంకోచముగా చెప్పుకొనునది కాదు. ఇచ్చట అడుగునది రాధ, అలుగునది రాధ, బతిమాలించుకొనునది రాధ. మగకవులు తమ వంశమును తాతముత్తాతల పేర్లతో కీర్తించు చోట ఈమె తన అవ్వ తంజనాయకిని మొదలుగా తన యింటి స్త్రీలను సగర్వముగా స్మరించినది.

ఈ గ్రంథమును 1887 లో పైడిపాటి వెంకటనరసుగారు అచ్చు వేయించిరి. కాని ఆ ముద్రణలో ఆమె వంశమును తెలుపు పీఠికయు, కొన్ని పద్యములును లేవు. సరసములని తోచిన పద్యములను తొలగించిరనిన ఒకవిధముగా అర్థమగును. తల్లిపేరు, అవ్వపేరు చెప్పుకొన్న పద్యములలో తొలగింపదగిన దేమున్నదో నాకు బోధపడలేదు.

అటుపిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళని శైలి మృదుమధురమని మెచ్చుకొనుచునే, ఆమె నడవడిని నిందించి, ఆ కావ్యమునందలి వర్ణనలు స్త్రీలు వినదగినవి సైతము కావని నిర్ణయించిరి. పంతులుగారి పక్షము చెప్పక విడుచుట న్యాయము కాదు. 1881 లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించి, కులమువారి బహిష్కారమును తలపై వేసుకొన్న మహనీయుడాయన. భోగముమేళములపై ఆయన చేసిన పోరాటమున స్త్రీలయెడ జాలి కలదు. ధనికుల విలాసములపై కోపము కలదు. అయితే ఆచారమును ఖండించుట వేరు, ఆ ఆచారమున చిక్కుకొన్న స్త్రీ పలికిన మాటను ఖండించుట వేరు. ఈ రెండింటి నడుమనున్న గీతను ఆయన చూడలేదు. ఆయన శిష్యప్రశిష్యులమని చెప్పుకొను మనలో పెక్కుమందిమి నేటికిని చూచుట లేదు.

ఆ గీతను చూచినది బెంగుళూరు నాగరత్నమ్మ. 1878 లో మైసూరు సీమయందలి నంజనగూడున పుట్టి, సంగీతమున సంస్కృతాంధ్రములందు ప్రజ్ఞ సంపాదించి, చెన్నపురిలో పేరుప్రతిష్ఠలు గడించిన ఆమెయు దేవదాసీ కులస్థురాలే. ఆమె ముద్దుపళని కావ్యమునకై వెదకి, అచ్చుప్రతిని వ్రాతప్రతితో సరిచూచి, తొలగింపబడిన భాగములను మరల చేర్చి, 1910 లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారిచే ప్రకటింపజేసినది. పీఠికలో ఆమె పంతులుగారికి సూటిగా బదులు చెప్పినది. శృంగారవర్ణనము దోషమైనచో మగకవులకది దోషము కాకపోవుటేమి? సిగ్గు స్త్రీలకే విధింపబడినదా? పంతులుగారు స్వయముగా పరిష్కరించి పాఠ్యముగా నొప్పుకొన్న ప్రబంధములలో ఇంతకన్న మోటువర్ణనలు లేవా? ఇవి ఆమె ప్రశ్నల సారము. వీనికి ఆనాడు తగిన సమాధానము రాలేదు. 'శశిలేఖ' పత్రిక మాత్రము, వేశ్య రచించిన దానిని వేశ్యయే పరిష్కరించినదని ఎత్తిపొడిచెను. వాదమునకు బదులు పుట్టుకను చూపుట మన పత్రికలకు తెలిసిన పాత విద్య.

1911 లో ప్రభుత్వము కదలెను. గ్రంథము తెలుగు, అధికారులు ఆంగ్లేయులు. కావున దాని మంచిచెడ్డలు చెప్పవలసిన భారము ప్రభుత్వభాషాంతరీకర్తయగు గోటేటి కనకరాజు పంతులుగారిపై పడెను. అందు అశ్లీలభాగములు కలవని ఆయన అభిప్రాయపడగా, పోలీసు కమిషనరు కనింగుహాము ప్రతులను పట్టించెను. అశ్లీలగ్రంథ విక్రయమును శిక్షించు 292 వ సెక్షను 1860 నాటి శిక్షాస్మృతిలోనిది. ఏది అశ్లీలమో ఆ సెక్షను చెప్పలేదు. 1868 లో ఇంగ్లండునందు హిక్లిన్ వ్యాజ్యెమున ఏర్పడిన కొలబద్దయే ఇచ్చటికిని వచ్చెను: ఏ పుస్తకము చెడుటకు వీలైన మనస్సులను చెరచునో అది అశ్లీలము. ఆ చెడుటకు వీలైన మనస్సు ఎవరిది? చదివి తీర్పు చెప్పిన భాషాంతరీకర్తది కాదు, కమిషనరుది కాదు, కవుల చరిత్ర వ్రాసిన పండితునిది కాదు. ఎల్లప్పుడును అది ఇంటిలోని స్త్రీది, పల్లెలోని పామరునిది.

వింత యేమనగా, జువ్వలదిన్నె వంటి పల్లెలలో ఆ స్త్రీలే పెండ్లిపందిళ్లలో వియ్యపురాండ్రను దెప్పుచు పాడుకొనిన పాటలు ఏ భాషాంతరీకర్త చేతబడినను గడచి బయటపడునవి కావు. అవి అచ్చులో లేకపోవుటచే బ్రతికినవి. అచ్చెరిగిన మనవంటి గృహస్థులే పిదప వానిని నాగరికము కాదని మాన్పించిరి. అందులకు పోలీసుల అవసరము రాలేదు.

వావిళ్లవారు ఊరకుండలేదు, పండితులు కొందరు ప్రభుత్వమునకు విన్నపములు పంపుకొనిరి. ఫలింపలేదు. నాగరత్నమ్మ సంగీతమునకు మరలి, తన ఆర్జితము వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినది. అచ్చటి ఆరాధనోత్సవమున స్త్రీలు పాడరాదను నియమమును ఆమె యెదుర్కొనవలసి వచ్చెను. స్త్రీలను కూడగట్టి వేరుగా ఉత్సవము జరిపినది. కావ్యమునకైన, కీర్తనకైన ఆమెకు అడ్డువచ్చినది ఒకే గోడ.

టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1946-47 లో మదరాసు ప్రధానిగా నున్న కాలమున రాధికాసాంత్వనముపై నిషేధము తొలగెను. ఆ 1947 లోనే బాలికలను దేవదాసీలుగా సమర్పించుటను మాన్పు చట్టమును మదరాసు శాసనసభ చేసెను. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఏండ్ల తరబడి చేసిన కృషికది ఫలము. చట్టము కావలసినదే. ఆచారము పోవుటకు కవయిత్రి నోరు మూయనక్కరలేదని ఆ రెండు నిర్ణయములును ఒకే కాలమున కలిసివచ్చి చూపినవి. 1911 లోనే ఎవరైన ఈ మాట చెప్పియుండవచ్చును. నాగరత్నమ్మ చెప్పనే చెప్పినది.

వావిళ్లవారు గ్రంథమును 1952 లో మరల ముద్రించిరి. ఆ సంవత్సరము మే నెలలో నాగరత్నమ్మ పరమపదించినది. 2011 లో కావ్యమునకు ఆంగ్లానువాదము వెలువడెను. హిక్లిన్ కొలబద్దను 2014 లో సుప్రీముకోర్టు విడిచిపెట్టినది. 292 వ సెక్షను మాత్రము 2024 జూలైనుండి భారతీయ న్యాయసంహితలో 294 వ సెక్షనుగా సంఖ్య మార్చుకొని నిలిచియే యున్నది.