బంక: చెట్టు కట్టుకున్న కట్టు

శంషాబాద్ విమానాశ్రయం పక్కనుంచి పోయే శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే నల్లమల చేరతాం. ఈ కొసన తండాలు, ఆ కొసన చెంచుపెంటలు. విమానాశ్రయం 2008లో వచ్చింది. గాయాలకు కట్టు కట్టే మన విద్య అంతకంటే చాలా పాతది.

కొడవలి తగిలి వేలు తెగితే మనవాళ్లు గాయపాకు నలిపి రసం పిండుతారు, నెత్తురు ఆగుతుంది. గడ్డిచామంతి అన్నా అదే. ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. అంటే మన పెద్దలు తాతల మాటనే పట్టుకు కూర్చోలేదు, కొత్తగా వచ్చిన మొక్కనూ పరీక్షించి చూసుకున్నారు. దాన్ని పరిశోధన అనడానికి మనకు సంకోచం ఎందుకు?

నెత్తురు ఆగితే చాలదు, చీము పట్టకూడదు. ఇక్కడ బంక కథ వస్తుంది. తపసి, కొండగోగు చెట్ల బెరడుకు గాటు పడితే బంక ఊరి ఆ గాటును మూస్తుంది. మనకు అది సరుకు, చెట్టుకు అది కట్టు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన దగ్గర ఈ సరుకు కొంటూ వచ్చింది.

హైదరాబాద్‌లో అరుణ జ్యోతి కోరా, ఉస్మానియా ఆచార్యులు ఆర్.బి. శశిధర్, జె. అరుణాచలం 2010లో కొండగోగు బంక మీద ఒక పరిశోధన ప్రచురించారు. బంక నీళ్లలో వెండి లవణం కలిపి వేడిచేస్తే కంటికి కనబడనంత సన్నని వెండి రేణువులు తయారయ్యాయి. వేరే రసాయనం అక్కరలేకుండా బంకే వాటిని తయారుచేసింది, ముద్దకట్టకుండా విడివిడిగానూ నిలిపింది. గాయాల్లో చీము పట్టించే బాక్టీరియాను ఆ రేణువులు అడ్డుకున్నాయి. వెండి కలిపిన కట్లు ఆసుపత్రుల్లో ఇప్పటికే వాడుతున్నారు కాబట్టి ఈ దారి చిన్నదేమీ కాదు. అయితే ఆ పరీక్ష బాక్టీరియా మీద జరిగింది, మనిషి గాయం మీద కాదు. పిల్లలెవరూ పచ్చి బంక తెచ్చి పుండుకు పూయవద్దు.

రేపు ఇలాంటి కట్టు బజారుకు వస్తే అందులో మన వాటా ఏమిటి? అడవి ఫలసాయం మీద మన హక్కును 2006 చట్టం ఒప్పుకుంది. మన తెలివిని వాడుకుని లాభం పొందేవారు దాన్ని పంచుకోవాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతుంది. ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో గాయపాకు, తపసి, కొండగోగు ఎక్కాయా? పంతుళ్లు, పిల్లలు కలిసి ఒకసారి పంచాయతీకి వెళ్లి తెరిపించి చూడండి.

చెట్టు సంగతీ ఉంది. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికితే గాటు మానక తపసి చెట్లు ఎండిపోయాయి. తర్వాత విశాఖపట్నం కోవెల్ ఫౌండేషన్ వాళ్లు బెరడును పైపైనే చెక్కడం, గాటు మానేదాకా ఆగడం బంక తీసేవాళ్లకు నేర్పారు.