ఉదయగిరి నుంచి ఒక స్టేటస్ రిపోర్ట్

పోయిన అక్టోబర్లో ఆత్మకూరు దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఆదివారం పొద్దున ఆమెని చర్చికి తీసుకెళ్ళే పని నామీద పడింది. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు ప్రకటనల పుస్తకం తీశారు. స్త్రీల కూడిక ఫలానా వారింట్లో. రెండో శనివారం యవనస్తుల ఉపవాస ప్రార్థన. కోత పండగ వానల వల్ల ఒక వారం వెనక్కి. గుడి శ్లాబుకి ఇంకా సిమెంటు కావాలి. చెరువులోకి నీళ్ళొచ్చాయి కాబట్టి బాప్తిస్మానికి పేర్లిచ్చిన పన్నెండు మందికీ వచ్చే ఆదివారం. పోయినేడు ఇదే నెలకి మనం అరవై కుటుంబాలు, ఇప్పుడు ఎనభై మూడు. చప్పట్లు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ప్రతి శుక్రవారం సాయంత్రం అమెరికాలో ఉన్న క్లయింటుకి స్టేటస్ మెయిలు పెడతాను. ఈ వారం ఏం చేశాం, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, వచ్చే వారం ఏం చేస్తాం, అంకెలు ఎటు పోతున్నాయి. పాస్టరుగారి ప్రకటనలు వింటుంటే నాకు ఆ మెయిలే గుర్తొచ్చింది. తర్వాత తీరిగ్గా చదువుకుంటే తెలిసిందేమంటే, పోలిక నేననుకున్నదానికంటే పాతది. నెల్లూరు జిల్లా నుంచి అమెరికాకి స్టేటస్ రిపోర్టులు వెళ్ళడం మొదలై నూట ఎనభై ఏళ్ళు దాటింది.

శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరులో స్థిరపడింది 1840లో. ఆయన వెనకే లైమన్ జ్యూయెట్ వచ్చాడు. వీళ్ళ ఉత్తరాలు బోస్టన్లో అచ్చయ్యే 'బాప్టిస్ట్ మిషనరీ మ్యాగజైన్'లో వచ్చేవి. చదివేది ఎవరు? చందాలిచ్చేవాళ్ళు. అంటే మన భాషలో చెప్పాలంటే బడ్జెట్ చేతిలో ఉన్నవాళ్ళు. ఆ లెక్కన మొదటి పాతికేళ్ళ రిపోర్టులు ఘోరం. సంఘం సంఖ్య పదుల్లో. ప్రాజెక్టు మూసేద్దామన్న మాట ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో జరిగిన సభలో ఎవరో గోడమీది పటం చూపించి, బర్మా అంతా చుక్కలే, ఇవతల మాత్రం నెల్లూరు ఒక్కటే ఒంటి చుక్క అన్నారట. శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ రాత్రే దానిమీద పద్యం రాసి పొద్దున ఫలహారాల దగ్గర చదివాడు. అమెరికా దేశభక్తి గీతం 'అమెరికా' రాసింది కూడా ఈయనే. అప్పట్నుంచి ఈ మిషన్ పేరు 'లోన్ స్టార్' అయిపోయింది. డేవిడ్ డౌనీ 1893లో రాసిన చరిత్ర పుస్తకానికి కూడా అదే పేరు. అంకెలు బాగాలేనప్పుడు ఒక మంచి మాట ప్రాజెక్టుని కాపాడ్డం నేను కూడా ఒకట్రెండు సార్లు చూశాను.

అంకెలు మారింది జాన్ క్లౌ వచ్చాక. 1865లో నెల్లూరు దిగి, మరుసటేడు ఒంగోలుకి మారాడు. అప్పట్లో ఒంగోలు, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు అన్నీ నెల్లూరు జిల్లాలోనే. ఈయన మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వేయరు. ఆ చదువు తర్వాత ఎక్కడ పనికొచ్చిందో చెప్తాను. ముందు యెర్రగుంట్ల పేరయ్య గురించి చెప్పాలి. ఎందుకంటే డౌనీ పుస్తకం తిరగేసినా, క్లౌ ఆత్మకథ తిరగేసినా, జనాన్ని తెచ్చింది దొరలు కాదని తెలుస్తూనే ఉంటుంది. పేరయ్య తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం. క్రైస్తవం తెలియకముందే రాజయోగం నేర్చినవాడు, శిష్యులున్నవాడు. దేవుడొక్కడే, విగ్రహం అక్కర్లేదు అన్న మాట ఆయనకి కొత్త కాదు. ఆయన నడిచి తిరిగిన ఊళ్ళలో చుట్టరికాల దారినే కొత్త మతం పాకింది. మేనమామ నుంచి మేనల్లుడికి, వియ్యపురాలి నుంచి వియ్యపురాలికి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఈ సంగతులన్నీ మాదిగ పెద్దల నోటినుంచి విని 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అని పుస్తకం రాసింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అన్నమాట. ఆ కాలపు మిషన్ పుస్తకాల్లో నాకు నచ్చినది ఇదొక్కటే. అందులో మనుషులకి పేర్లున్నాయి.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. ఇవి అమెరికాలో చదివేవాళ్ళకి భక్తి నియమాలు. ఊళ్ళో కాపుకి అలా కనపడవు. మాదిగ ఇల్లు ఊరికి కట్టుబడి ఉన్న పనిది. కపిలబావి తోలుబానకి కుట్టు వెయ్యాలి, చెప్పులు కుట్టాలి, చచ్చిన గొడ్డుని ఈడ్చుకెళ్ళాలి, జాతరకి డప్పు కొట్టాలి. బదులుగా కోతలప్పుడు కళ్ళంలో ఇంత మేర. ఈ ఒప్పందంలో సెలవు అనే మాట లేదు. కోతల మధ్యలో ఒక మాదిగ నిలబడి 'రేపు ఆదివారం, రాను' అన్నాడంటే అది ప్రార్థన కాదు, సమ్మె. డప్పు కొట్టనన్నాడంటే జాతరే ఆగిపోతుంది. అందుకే ఊరు తిరగబడింది. బావి దగ్గరికి రానివ్వలేదు, చాకలిని ఆపారు, కుండలు అమ్మొద్దన్నారు, గొడ్లని బందెలదొడ్లో పెట్టించారు. వారానికొక రోజు సెలవు అన్నది మన పల్లెల్లో మొదట అడిగింది ఎవరు అని ఎవరైనా కార్మిక చరిత్ర రాస్తే, ఈ మాదిగవాడల్ని వదిలేసి రాయలేరు. నా శనాదివారాల్ని నేను ఇంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

తర్వాత 1876–78 కరువు. క్లౌ సర్వేయింగు చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తనే తీసుకుని, తన బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి కూలి ఇచ్చాడు. పొద్దంతా మట్టి మోసి, విశ్రాంతి వేళల్లో బోధకుల మాటలు విన్నారు. సర్కారు కరువు కూలి ఎంత తక్కువో, దానిమీద మద్రాసులో ఎంత గొడవ జరిగిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది, అది వదిలేస్తాను. ఈ కరువునీ, కాలవనీ, మిషన్నీ కలిపి మాదిగ మాలల వైపునుంచి చూడాలనుకునేవాళ్ళు కల్యాణరావు 'అంటరాని వసంతం' చదవాలి. రిపోర్టుల్లో కనపడని మనుషులు ఆ నవల్లో కనపడతారు.

కరువు సాగినంతకాలం, పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట వస్తుందని. నిజానికి ఆ మాట ఇప్పటికీ వస్తూనే ఉంది కదా. 1878 జూన్, జులైలకి గేట్లు తెరిచాడు. జులై 3న ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది. ముందురోజూ మర్నాడూ కలుపుకుంటే మూడు రోజుల్లో 3,536. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులేసుకున్నారు. మొత్తం పట్టింది సుమారు తొమ్మిది గంటలు.

అమెరికాలో కొందరు నమ్మలేదు, అంతమందిని ముంచడం కుదరదన్నారు. నేను లెక్కేశాను. తొమ్మిది గంటలంటే 540 నిమిషాలు. ఇద్దరు బోధకులంటే 1,080 బోధక నిమిషాలు. 2,222తో భాగిస్తే మనిషికి ఇరవై తొమ్మిది సెకన్లు. నీళ్ళలో నిలబడి, పేరడిగి, ఒక్క మాట చెప్పి, ముంచి లేపడానికి ఇరవై తొమ్మిది సెకన్లు చాలు. లెక్క కుదిరింది. కుదిరాక కొంచెం సిగ్గేసింది. తరతరాలుగా ఊరి బావి తాకనివ్వని మనుషుల్ని పట్టపగలు ఏట్లోకి చెయ్యిపట్టి దించుతుంటే నేను స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డాను.

ఒంగోలు సంఘానికి ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘమని పేరొచ్చింది. ఇంత జనానికి ఒక్క ఒంగోలు, ఒక్క నెల్లూరు చాలవు కాబట్టి కొత్త స్టేషన్లు మొదలయ్యాయి. ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో. మన పడమటి మెట్ట రిపోర్టుల్లోకి ఎక్కింది అప్పుడే.

ఉదయగిరి అంటే చాలామందికి కొండమీది కోటే. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి పట్టుకున్నాడు, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళాడు. మిషన్ ఉత్తరాలకి అదంతా మొదటి పేరాలో వర్ణన. అసలు సంగతి వాన. వెలిగొండల పక్కన మెట్టనేల, జొన్న, సజ్జ. ఇక్కడ పెద్ద వాన జూన్‌ది కాదు, అక్టోబరు నవంబర్లది. వాయుగుండం పడితే చెరువులు నిండుతాయి, పడకపోతే ఏడాదంతా ఎండు. బోస్టన్లో ఉత్తరం అందుకున్నవాళ్ళకి అక్టోబరంటే ఆకులు రాలే కాలం, పంటలు ఇంటికొచ్చిన కాలం. ఇక్కడ అక్టోబరంటే బండి చక్రం బురదలో దిగబడే కాలం, వాన తగ్గాక డేరాలేసుకుని ఊళ్ళు తిరగడానికి సర్దుకునే కాలం. బాప్టిస్టులు నీళ్ళు చల్లితే ఒప్పుకోరు, నిలువునా ముంచాలి. కాబట్టి ఈ మెట్టలో బాప్తిస్మాల లెక్క చెరువు లెక్కతో ముడిపడే ఉంటుంది. నేను విన్న ప్రకటనలో 'చెరువులోకి నీళ్ళొచ్చాయి కాబట్టి' అన్న ముక్క ఊరికే రాలేదు.

ఏడాది చివర పట్టిక వస్తుంది. స్టేషన్, సంఘాలు, బోధకులు, బైబిలు స్త్రీలు, ఆ ఏడు బాప్తిస్మం పొందినవారు, వెలివేయబడినవారు, చనిపోయినవారు, మొత్తం. మంచి పట్టికే, మా టీము డ్యాష్‌బోర్డుకంటే నిజాయితీగానే ఉంది. తగ్గిన అంకెలు కూడా దాచలేదు. కానీ ఏ గడీ లేనిది ఏదో చూడండి. బావి మూసేసిన ఊళ్ళెన్ని? మేర పోగొట్టుకున్న ఇళ్ళెన్ని? బైబిలు స్త్రీలు ఎంతమందో ఉంది, వాళ్ళు ఎన్ని మైళ్ళు నడిచారో లేదు. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జ్యూయెట్ దంపతులతో కలిసి ప్రార్థన చేసిన ముగ్గురు తెలుగువాళ్ళలో నెల్లూరు జూలియా ఒకరు. ఆ కొండకి 'ప్రేయర్ మీటింగ్ హిల్' అని పేరు నిలిచింది. జూలియా పేరు ఒంగోల్లో ఎంతమందికి తెలుసో నాకనుమానమే.

ఇంతవరకూ పెరిగే అంకెల కథ. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అదే జనం గురించి ఇంకో పట్టిక మొదలైంది, అందులో అంకెలు తగ్గుతాయి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కిందికి రాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులు బయటే. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు బీసీ-సీ, ఒక శాతం. 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ వీళ్ళనీ చేర్చమని కేంద్రానికి తీర్మానం పంపింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, మతం మారి పాస్టరుగా ఉన్నవాడు అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేడని తీర్పిచ్చింది. ఉమ్మడి రాష్ట్ర జనాభా లెక్కల్లో క్రైస్తవులు 2001లో 1.55 శాతం, 2011లో 1.34. మా మెట్టలో పదేళ్ళలో ఎన్ని కొత్త గుళ్ళు లేచాయో చూసినవాళ్ళకి ఈ అంకె నవ్వు తెప్పిస్తుంది. రెండు లెక్కల్లో ఏది అబద్ధం అంటే చెప్పడం కష్టం. గుడిలో మోకరించేదీ నిజమే, ఊళ్ళో ఆ మనిషి ఇంకా మాదిగేనన్నదీ నిజమే. నూట నలభై ఏళ్ళ కిందట ఏట్లో మునిగినా కులం కడుక్కుపోలేదని ఊరందరికీ తెలుసు, ఉత్తర్వు రాసినవాళ్ళకి మాత్రం తెలీదు. దీనిలో మోసం ఉందనేవాళ్ళతో నేను వాదించను గానీ, మోసం ఎవరు మొదలుపెట్టారో వెతకాలంటే అవ్వ రేషన్ కార్డు దగ్గర ఆగితే సరిపోదు.

ఆమెకి గుడి రిజిస్టర్లో ఒక పేరుంది, ఓటరు కార్డులో ఇంకో పేరుంది. ఏ పేరుతో పిలవాలే అంటే, "ఎవురు పిలస్తన్నారో చూసి పలకతాలే నాయనా" అంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అవ్వ చెప్పులు వెతుకుతూ గుడి వెనక్కి వెళ్ళాను. ఇంటర్ చదివే పిల్లోడొకడు పాస్టరుగారితో మెల్లగా మాట్లాడుతున్నాడు. బాప్తిస్మం తీసుకుంటానయ్యగారూ, పుస్తకంలో మాత్రం రాయబాకండి, సర్టిఫికెట్టు పనుంది అంటున్నాడు. ఆయన తల ఊపారు. పక్కన ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళూ అదే అడగడానికి వచ్చినట్టున్నారు. మళ్ళీ వారం చెరువులో పన్నెండు మందీ మునిగారని అవ్వ ఫోన్లో చెప్పింది. పుస్తకంలోకి తొమ్మిది పేర్లే ఎక్కాయట.