గోదావరి లోయ అదురులు - జ్వాలాపురపు బూడిద

1969 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి భద్రాచలం ప్రాంతమున భూమి కంపించినది. ఆ భూకంప పరిమాణము సుమారు 5.7. మరల 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు అడవులలో 5.3 పరిమాణముగల కంపము పుట్టి ఖమ్మం, హైదరాబాదు నగరములవరకు తెలిసినది. భద్రాచలమునకు సమీపమున గుండాలవద్ద గోదావరి ఒడ్డున ఇసుక తవ్వినచో వేడినీరు ఊరును. ఈ రెండిటిని కలిపి చూచినవారు, అడుగున అగ్నిపర్వతమేదో దాగియున్నదని సందేహించుట సహజమే.

కాని సంగతి వేరు. ఖమ్మం, ఖానాపురం హవేలి ప్రాంతపు ప్రాచీన శిలలను దాటి భద్రాచలం అడవులవైపు పోగా గోదావరి లోయ వచ్చును. కోట్లకొలది సంవత్సరముల క్రిందట పెద్ద పగుళ్ల వెంట క్రుంగిన పల్లమిది. సింగరేణి బొగ్గు ఏర్పడినది ఈ పల్లమునందే. ఆ పాత పగుళ్లలో ఒత్తిడి పేరుకొని శిలలు ఒక్కసారిగా జారినపుడు నేల అదరును. నీరు ఆ పగుళ్లగుండ లోతునకు దిగి, వేడెక్కి పైకి వచ్చును. ఇందులకు శిలాద్రవముతో పని లేదు.

అదురులు వచ్చు తీరును కూడ గమనింపవలెను. ఒక పెద్ద అదురు, దాని వెనుక చిన్నవి వచ్చుట సాధారణము. ఏది ప్రధానమో తెలియకుండ రోజులతరబడి గుంపుగా వచ్చుట మరొక తీరు; దీనిని భూకంపముల ముసురు అనవచ్చును. 2020 జనవరిలో పులిచింతల జలాశయము చెంత చింతలపాలెం గ్రామములకు ఇట్టి ముసురే పట్టినది. 26వ తేదీ తెల్లవారుజామున వచ్చినది 4.6 పరిమాణమునకు చేరినది. అక్కడను అగ్నిపర్వతము లేదు.

అగ్నిపర్వతమున్న చోటనైనను ముసురు నమ్మదగిన సూచన కాదు. ఇటలీలో నేపుల్సు పడమట కాంపి ఫ్లెగ్రేయి అను మహాగ్నిపర్వతము కలదు. 1538లో అచట అదురులు కలిగి, నేల ఉబ్బి, కడకు విస్ఫోటము జరిగి మోంటె నువోవో అను కొత్త కొండ వెలసినది. 1982-84లో మరల వేలకొలది అదురులు వచ్చినవి. పొజ్జువోలి పట్టణపు నేల సుమారు 1.8 మీటర్లు పైకి లేచినది. దాదాపు 40,000 మందిని తరలించిరి. విస్ఫోటము మాత్రము జరుగలేదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు అదురులతోపాటు నేల ఉబ్బును, వెలువడు వాయువులను కూడ కొలుచుచుందురు.

మహాగ్నిపర్వతపు దెబ్బ తెలుగునేలకు తగిలినది ఆకాశమార్గమున. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమాత్రా దీవిలోని టోబా ప్రేలినపుడు, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరముననున్న మన జుర్రేరు లోయలో బూడిద కురిసినది. నంద్యాల జిల్లా జ్వాలాపురమున, గాలియు నీరును తెచ్చి పోగుచేయగా, ఆ బూడిద కొన్నిచోట్ల రెండు మీటర్ల మందము మించినది. పాత్రలు తోము పొడికొరకు దానిని తవ్వి అమ్మువారును కలరు! రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాలియా ప్రభృతులు అచట త్రవ్వగా బూడిద క్రిందను, పైనను ఒకే తీరు రాతి పనిముట్లు దొరకినవి. వానిని చేసినవారు ఆ ఉపద్రవమునకు తట్టుకొని నిలిచియుందురని 2007లో వారు ప్రకటించిరి. అయితే ఆ పొరలలో మానవుల ఎముకలు దొరకలేదు. ఆ పనిముట్లు చేసినది ఆధునిక మానవులా, అంతకుపూర్వపు జాతివారా అను వాదము ఇంకను తెగలేదు.