ముగియని గతము

ఇటాలియన్ భాషలో 'పార్లావా' అనగా 'మాటలాడుచుండెను' అని అర్థమనియు, అందలి 'వా' లాటిన్ 'బా' నుండి వచ్చినదనియు, ఆ 'బా' సంస్కృతములో 'ఉండు' అను అర్థము గల 'భూ' ధాతువునకు తోబుట్టువనియు తెలిసిననాడు నాకు కలిగిన ఆనందము ఇంతంత కాదు. ఏలయన, తమిళనాట మా పుదూరు అవ్వలు "మీ తాత దినమూ పత్తిచేనికి పోతా ఉండె, ఒగదినం పోలే" అన్నప్పుడు ఆ గతమును ముగియనీయక నిలుపునదియు 'ఉండు' అను క్రియయే కదా! చుట్టరికము లేని రెండు భాషలు ఒకే పనికి ఒకే అర్థమును ఆశ్రయించినవి.

ఇటాలియన్‌లో దీని రూపసిద్ధి సులభము. క్రియ తుది 'రే'ను తీసి వో, వి, వా, వామో, వాతే, వనో చేర్చిన చాలును. నిద్రించుటకు 'దోర్మీరే' యైనచో 'నిద్రించుచుంటిని' అనుటకు 'దోర్మీవో'. చేయుట యను 'ఫారే' మాత్రము 'ఫచేవో' యగును. కుదించుకొనిపోయిన లాటిన్ మూలము అందు మరల తల యెత్తును. అలవాటునకు, జరుగుచుండిన పనికి ఈ కాలము. ఒక్కమారు జరిగి ముగిసినదానికి వేరొకటి. తాత దినమూ పోవుట మొదటిది, ఒకనాడు పోకపోవుట రెండవది.

ఆ ఇటాలియన్ ఒకనాడు మా సీమకును వచ్చినది. 1680లో ఇటలీలో జన్మించి, తమిళులకు వీరమామునివరై 'తేంబావణి' కావ్యమును రచించిన బెస్కి పాదిరి, తెలుగు పలుకుబడి గల మా నల్లరేగడి సీమలో, కోవిల్పట్టి చెంతనున్న కామనాయక్కన్‌పట్టిలో కొంతకాలము మసలెను. వ్యావహారిక తమిళమునకు లాటిన్‌లో ఆయన కూర్చిన వ్యాకరణము 1738లో తరంగంబాడిలో అచ్చయ్యెను. ఆయన కాలపు ఇటాలియన్ గ్రంథభాషలో 'నేను మాటలాడుచుంటిని' అనుటకు 'ఇయో పార్లావా' యే సాధువు. 1525లో పండితుడు బెంబో స్థిరపరచిన మర్యాద అది. అటుపిమ్మట 1827లో వెలువడిన తన నవలను మన్జోని ఫ్లోరెన్సు వాడుకకు అనుగుణముగా సంస్కరించి, 1840 మొదలు మరల ప్రకటించుచు, ఉత్తమపురుషలో ఆ 'వా'ను 'వో' గావించెను. 'నేను', 'వాడు' అను భేదము స్పష్టమైనది. కాని డాంటే నాటి ఆ ప్రాచీనరూపము గ్రంథములనుండి క్రమముగా తొలగెను. ఆ నష్టము నాకు నేటికిని నొప్పియే.

అంతకంటె పెద్దనొప్పి మన యింటనే యున్నది. ఈ సీమలోని ఇడైసెవల్‌లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంట తెలుగు పలికి, కథలు తమిళమున వ్రాసెను. తెలుగువారు ఈ సీమకు వలసవచ్చిన గాథ సైతము ఆయన చేత తమిళముననే నిలిచినది. ఇటాలియనులు 'భూ'ను మరచిరి గాని దాని శేషమును వ్రాసియుంచుకొనిరి. మనమో, చెవికి స్పష్టముగా వినవచ్చుచున్న 'ఉండె'ను కాగితముపై పెట్టకున్నాము. అవ్వ చెప్పుచుండగా ఒక్క వాక్యమైనను, ఆమె పలికినట్లే, తెలుగులిపిలో వ్రాసికొనుడు. 'పోతా ఉండె' అను మాట 'ఒగదినం పోలే' అను మాటతో ముగిసిపోకుండునుగాక.