ఉప్పునీళ్ల తొట్టికి కడప బండ

మా జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. ఉదయగిరి నుంచి ఏలిన భాస్కరుడు, అంటే మొదటి బుక్కరాయల కొడుకు, అక్కడ చెరువు కట్టించి దాని కథంతా రాతిమీద చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు చెప్పి, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఏకరువు పెట్టాడు. కట్ట ఊరకూడదు. నేల చవుడు కాకూడదు. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు పెట్టకూడదు. చెరువు నడుమ తాబేటి వీపులాంటి మెట్ట ఉండకూడదు. నీళ్లకూ ఆయకట్టుకూ పొంతన కుదరాలి, అటు తక్కువైనా ఇటు తక్కువైనా దోషమే.

నేను కడపలో అక్వేరియం షాపు నడుపుతాను. ఆ ఆరు దోషాల్లో రెండు నాకు రోజూ తగిలేవే. మా ముందుతరాలు చవుడును చూసి పొలం వదిలేసి పోయాయి. నేను జనం దగ్గర డబ్బు తీసుకుని మరీ నీళ్లలో ఉప్పు కలుపుతాను. ఇక పొలిమేర తగాదా అంటారా, అది టాంగ్ చేప తెచ్చిపెట్టేది.

టాంగును చూడనివాళ్లకు నాలుగు మాటలు. పక్కనుంచి చూస్తే అరచేయంత వెడల్పు, ఎదురుగా చూస్తే సన్నటి గీత. ఒళ్లంతా నిమ్మపండు పసుపుదొకటి, లేతనీలం ఒంటిమీద పసుపు రెక్కదొకటి, సినిమా వచ్చాక పిల్లలంతా డోరీ అని పిలిచే ముదురునీలందొకటి. తోక మొదట్లో రెండు పక్కలా ఒక్కో ముల్లు ఉంటుంది. మామూలప్పుడు గాడిలో ముడుచుకుని ఉంటుంది. పసుపు టాంగుకైతే అక్కడ చిన్న తెల్లగీత కనిపిస్తుంది, అంతే. పక్క చేప నచ్చకపోతే ఒళ్లు అడ్డంగా తిప్పి, రెక్కలన్నీ నిక్కబొడిచి తోక విసురుతుంది. ముల్లు లేస్తుంది. అవతలి చేప పొట్టమీద పొలుసులు లేచిపోయి గీత పడుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని సర్జన్ చేప అన్నది ఊరికే కాదు. వలలోంచి చేత్తో తీయబోయినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ఈ జాతికి తెలుగు గడ్డమీద పాత రికార్డే ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండేవాడు. జాలర్లు తెచ్చిన చేపలను ముందు పెట్టుకుని, స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు గీయించాడు. రెండువందల చేపలు, రెండు సంపుటాలు, 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆయన చేసిన గొప్ప పనేమిటంటే, అక్కడివాళ్లు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరును తన చెవికి పట్టినట్టు రాసుకోవడం. ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకునే ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే 1829లో ఒక సర్జన్ చేపకు అకాంథూరస్ మాటా అని పేరు పెట్టాడు. విశాఖ తీరంలో ఎవరో జాలరి పలికిన మాట అలా సైన్సులో నిలిచిపోయింది. పాపం, ఆ బొమ్మలు గీసినాయన పేరు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

అయితే అదంతా కోస్తా సంగతి. మా సీమకు సముద్రపు చేప ఎండి వచ్చేది. సంతలో గోనెపట్టా మీద కుప్పపోసి అమ్మే ఎండుచేపలే మావాళ్లు చూసిన సముద్రం. బతికున్నది చూడాలంటే రైలెక్కాల్సిందే. కడప మీదుగా పోయే మద్రాసు–బొంబాయి రైలుమార్గం 1871కల్లా రాయచూరు దగ్గర కలిసింది. అప్పట్లో మా జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలోవే. హైకోర్టు వాయిదాకు పోయినా, పెద్దాస్పత్రికి పోయినా మద్రాసే. అలా పోయినవాళ్లు సాయంత్రం మెరీనాకు పోయేవాళ్లు. అక్కడ 1909 అక్టోబరు 21న అక్వేరియం తెరిచారు. మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ తలపెట్టిన పని అది. ఎదురుగా సముద్రం, గోడలోపల అద్దం వెనక అదే సముద్రపు నీళ్లు, అవే చేపలు. 1919లో దాన్ని చేపల శాఖకు అప్పజెప్పారు. 1942లో, జపానువాళ్లు బాంబులేస్తారన్న భయంలో ఊరంతా ఖాళీ అవుతున్నప్పుడు, మూసేశారు. అదే పట్టా రెండో కొసన బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో మొదలైంది. కడప స్టేషన్లో నిలబడితే ఎటు పోయినా సముద్రపు చేపే, మధ్యలో మేము.

సర్కారు మాకిచ్చింది మంచినీళ్ల చేప. సర్ ఫ్రెడరిక్ నికల్సన్ చేతుల మీదుగా 1907లో మద్రాసు చేపల శాఖ పుట్టింది. 1911లో కర్నూలు పక్కన సుంకేసుల దగ్గర చేపలఫారం పెట్టారు. ఈ దేశంలో తొలినాటి ఫారాల్లో అదొకటి. సుంకేసుల ఆనకట్ట నుంచే కదా కర్నూలు–కడప కాలువ మొదలయ్యేది. ఆ కాలువ తవ్విన కంపెనీకి లాభం రాక 1882లో సర్కారే కొనుక్కుంది. లాభం రాని కాలువ వెంబడి చేపలు మాత్రం హాయిగా కడపదాకా వచ్చాయి.

గాజుతొట్టి మా ఇంటికి వచ్చింది పటాల షాపు దారిన. మా నాయన దేవుడి పటాలకూ పెళ్లి ఫోటోలకూ అద్దం కోసి ఫ్రేములు కట్టేవాడు. మిగిలిన అద్దాలను ఇనుప యాంగిల్లో బిగించి, సందులకు లప్పం పెట్టి తొట్లు చేసేవాడు. అందులో గోల్డ్‌ఫిష్ హాయిగా బతికేవి. ఉప్పునీళ్లు పోస్తే ఆ తొట్టి పనికిరాదు. ఇనుము తుప్పు పట్టి నీళ్లలోకి దిగుతుంది, లప్పం విషమవుతుంది. సిలికాన్ ట్యూబు అంగట్లోకి వచ్చాకే ఫ్రేము లేని తొట్టి సాధ్యమైంది, ఉప్పునీళ్లకు దారి పడింది. నాలుగడుగుల తొట్టిలో మూడువందల లీటర్లు పడతాయి, అంటే నీళ్ల బరువే మూడు క్వింటాళ్లు. దానికింద మా నాయన కడప బండ వేసేవాడు. నేనూ అదే వేస్తాను. ప్లైవుడ్డు ఉప్పునీటి చుక్కలకు ఉబ్బుతుంది, బండకు ఏమీ కాదు.

ఉప్పంటే వంటింటి ఉప్పు కాదు. లీటరుకు 35 గ్రాముల లెక్కన మూడువందల లీటర్లకు పది కిలోలు దాటుతుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు అన్నీ సముద్రంలో ఉన్న పాళ్లలో ఉండాలి. అమెరికాలో ఇన్‌స్టంట్ ఓషన్ అనే ఉప్పు 1964లో అమ్మకానికి వచ్చాకే సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఈ సరదా పెరిగింది. మాకది చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. అందాకా చెన్నై నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లే తెప్పించేవాళ్లం. ఒకసారి చెక్‌పోస్టులో సారా అనుకుని మూత తీయించారు. ఒకాయన వేలు ముంచి నాలుక్కి రాసుకుని, "థూ, దీన్ని ఎవురు తాగుతార్‌ప్పా?" అని వదిలేశాడు.

ఉప్పు దొరికినా మంచినీళ్లు దొరకాలి. మా వీధి బోరునీళ్లలో టీడీఎస్ వెయ్యి పైమాటే. దానిమీద ఉప్పు కలిపితే లెక్కంతా తప్పుతుంది, నైట్రేటుతో నాచు ముంచెత్తుతుంది. అందుకని ఆర్వో నీళ్లు, అదీ టీడీఎస్ సున్నాకు దించినవే. ఇక మా ఎండ. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు. టాంగుకు కావాల్సింది 25, 26. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ నిలవదు, మరి ఈ చేప పగలంతా ఈదుతూనే ఉండే రకం. చిల్లర్ కొనలేనివాళ్లకు నేను చెప్పేది తొట్టి మీద ఫ్యాను. చెన్నై కొళత్తూరులో నాకు చేపలు పంపే వ్యాపారి ఇది నమ్మడు. చెన్నై గాలిలో తేమ, అక్కడ ఫ్యానుకు నీళ్లు ఆరవు. మా పొడిగాలికి ఇట్టే ఆరి, మూడు నాలుగు డిగ్రీలు దిగుతాయి. కరువు గాలి చేసిపెట్టే మేలు ఇదొక్కటే అనుకుంటా. దానికీ కప్పం కట్టాలి. రోజూ బిందెలో సగం నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే మిగులుతుంది. పొద్దున్నే మంచినీళ్లు పోయడం మరిచిపోతే చవుడు పెరిగిపోతుంది. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్‌పంపు ఉండి తీరాలి.

రాళ్ల దగ్గర మాత్రం మేం అదృష్టవంతులం. పాతరోజుల్లో తమిళనాడులోని మండపం, తూత్తుకుడి వైపు నుంచి పగడపు రాళ్లు వచ్చేవి. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. అవి అమ్మడం, కొనడం రెండూ నేరమే. నేను ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి వాడతాను. చుక్క వెనిగర్ వేస్తే నురగ రావాలి, లోహపు మెరుపు చారలు ఉండకూడదు. అసలు మా నేలే పాత సముద్రపు అడుగు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథమే రాశాడు. వేంపల్లె దగ్గరి డోలమైటులో పొరలుపొరలుగా గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట లోతులేని ఉప్పునీళ్లలో పెరిగిన సూక్ష్మజీవుల నాచు కట్టిన పొరలవి. టాంగు తినేది నాచే. తినే నోరు పుట్టకముందే మా దగ్గర మేత సిద్ధంగా ఉందన్నమాట! ఇప్పుడు మాత్రం సుషీకి చుట్టే నోరి ఆకు క్లిప్పుకు తగిలించి పెట్టాల్సి వస్తోంది. ఇది పెట్టకుండా మాంసం గుళికలతో నెట్టుకొస్తే చేప తల పక్కన గుంటలు పడతాయి, రంగు వెలుస్తుంది. పొట్ట లోపలికి పోయిన టాంగును ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు.

తగాదాల సంగతికొస్తే, టాంగు తనలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్నదాన్నే పగబడుతుంది. పగడాల దగ్గర నాచు మేసే మడి ఒక్కోదానికి ఒక్కోటి, ఇంకొకటి వస్తే మేత తగ్గుతుంది. ఆ లెక్క గాజుతొట్టిలోనూ మరవదు. తొట్టిలో నాలుగు వారాలుగా ఉన్నది రాజు, కొత్తగా వచ్చింది దండయాత్రకు వచ్చినట్టు. అందుకే టాంగును అన్నిటికన్నా చివర వదలాలి. రెండు టాంగులు కావాలంటే రెండూ ఒకేరోజు, వేర్వేరు ఆకారాలవి, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ. పాతది ఉంటే ముందు రాళ్లన్నీ కదిపి పేర్పు మార్చాలి. పొలిమేరలు చెరిగిపోతే దానికీ కొంతసేపు తన మడి ఏదో తెలియదు. కొత్తదాన్ని చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగురోజులు అదే తొట్టిలో వేలాడదీస్తాను. బయట అద్దానికి ముఖం చూసుకునే అద్దం ఆనిస్తాను. పాతది తన నీడతోనే కొట్లాడి అలసిపోతుంది. పోరుమామిళ్ల శాసనకర్త పొలిమేర మీద చెరువు వద్దన్నది తూము దగ్గర కత్తులు లేస్తాయనే కాబోలు. మా తొట్లో కత్తి పుట్టుకతోనే ఉంది.

కొట్లాటలో ఓడినదానికి ముందు పట్టేది తెల్లచుక్కల జబ్బు. ఉప్పు చల్లినట్టు ఒంటిమీద చుక్కలు లేస్తాయి, రాళ్లకు రుద్దుకుంటుంది. చుక్కలు రాలిపోతే తగ్గిందని సంబరపడేవాళ్లే ఎక్కువ. రాలిన పురుగు అడుగున గూడు కట్టుకుని వందల పిల్లలతో మళ్లీ లేస్తుంది. రాగి మందు పురుగును చంపుతుంది, దాంతోపాటు నత్తలను, రొయ్యలను కూడా. కాబట్టి మందు వేరే తొట్టిలోనే. పెద్ద తొట్టిని పదకొండు వారాలు చేపల్లేకుండా ఎండగట్టినట్టు ఉంచాలి. కొత్తచేపను నెలరోజులు విడిగా పెడితే ఇంత తంటా ఉండదు. ఎంతమంది వింటారు?

చాలాకాలం ప్రతి టాంగూ సముద్రంలో పట్టిందే. ఫిలిప్పీన్స్‌లో సయనైడు చల్లి మత్తెక్కించి పట్టినవాటిలో చాలా చేపలు పైకి బాగానే ఉండి తర్వాత చచ్చిపోయేవి. టాంగు పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని నోట్లో పట్టేంత చిన్న మేత పెంచడానికే శాస్త్రవేత్తలకు ఏళ్లు పట్టింది. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ 2015లో పసుపు టాంగును, ఫ్లోరిడా యూనివర్సిటీవాళ్లు 2016లో నీలం టాంగును గుడ్డునుంచి పెంచి చూపించారు. 2017లో హవాయి సుప్రీంకోర్టు, పర్యావరణ పరిశీలన లేకుండా అక్వేరియం చేపల వేటకు అనుమతులివ్వడం కుదరదంది. దాంతో పసుపు టాంగు ధర మాకు అందనంత ఎత్తుకు పోయింది.

మొన్న ప్రొద్దుటూరు నుంచి ఒక బంగారు వ్యాపారి వచ్చాడు. మూడడుగుల తొట్టి చూపించి, "దీంట్లో ఆ నీలంవి ఐదు, పసుపువి ఐదు యేసీప్పా, ఎంతైనా ఇస్తా" అన్నాడు. "అన్నా, దీంట్లో ఒక్కటి కూడా పట్టదు. ఆరడుగులు పెట్టుకో, ఒకటిస్తా" అన్నాను. ఆరడుగులకు ఇంట్లో చోటు లేదట, భార్య ఒప్పుకోదట. పక్క తొట్టి చూపించాను. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు, సిక్లిడ్లు. పసుపూ నీలమూ రెండూ ఉన్నాయి, కొట్లాటకు టాంగుకేమీ తీసిపోవు. పైగా వాటికి గట్టినీళ్లే కావాలి. మా వీధి బోరునీళ్లు రెండురోజులు తేర్చి నేరుగా పోస్తాను, ఉప్పు లేదు, ఆర్వో లేదు. ఆయన చాలాసేపు చూసి, "సముద్రానివి అని చెప్పుకోవచ్చా?" అన్నాడు. చెప్పుకోమన్నాను. పన్నెండు పట్టుకుపోయాడు.